మనకు తప్పు, ఎవరికైనా తప్పు

తెలుగు ఇళ్ళలో పిల్లలకు చాలా ముందుగా వచ్చే మాటల్లో ‘తప్పు’ ఒకటి. పుస్తకానికి కాలు తగిలితే తప్పు, లెంపలేసుకోవాలి; నైవేద్యం పెట్టకముందే పులిహోరలో చెయ్యి పెడితే తప్పు, కళ్ళు పోతాయి; చెల్లెలి జుట్టు పట్టుకుని లాగితే తప్పు; అబద్ధమాడితే తప్పు; పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుండగా మధ్యలో దూరితే అదీ తప్పే. ఈ అయిదింటినీ ఒకే మాటతో, ఒకే గొంతుతో, చాలాసార్లు ఒకే చూపుతో చెబుతాం. తల్లిదండ్రుల అధికారం ఎక్కడి దాకా, పిల్లల సొంత ధర్మబుద్ధి ఎక్కడి నుంచి అనే చిక్కుముడి చాలావరకు ఈ ఒక్క మాటలోనే పడి ఉందని నాకు అనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, మనం కలిపేసి చెప్పినవాటిని పిల్లలు తమంతట తామే విడదీసుకుంటారు. ఆ పని మనం అనుకునే వయసుకంటే చాలా ముందే మొదలుపెడతారు.

ఒడిశాలోని బరంపురంలో మా అక్క ఇంట్లో దీన్ని కళ్ళారా చూశాను. అక్కడ పక్కపక్క ఇళ్ళలో రెండు కార్తీకాలు నడుస్తాయి. ఒడియావారి నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. అందువల్ల వాళ్ళ కార్తీకం కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పౌర్ణమి, మర్నాడు మొదలై కార్తీక పౌర్ణమికి అయిపోతుంది, మనది దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్ళీ అమావాస్య దాకా సాగుతుంది. రెండు ఇళ్ళూ కలిసి నియమంగా ఉండేది నడుమనున్న శుక్లపక్షం పదిహేను రోజులే. పౌర్ణమి వరకు వచ్చే చివరి అయిదు రోజుల్లో కొంగ కూడా చేపను ముట్టదని ఒడియావారు అంటారు. పౌర్ణమి మర్నాడు మాత్రం ‘ఛాడ ఖాయి’. నెల రోజులు బిగబట్టిన నాలుకకు ఆనాడు విడుదల. తెల్లవారేసరికి మాంసం దుకాణాల ముందు జనం బారులు తీరతారు, మధ్యాహ్నానికి వీధి వీధంతా మసాలా వాసన. మా అక్క ఇంట్లో అప్పటికి సగం కార్తీకం మిగిలే ఉంటుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ మా మేనల్లుడు పక్కింటి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. “మౌసీ తినమంటోంది. తిననా?” అన్నాడు. “తప్పు నాన్నా, మన కార్తీకం ఇంకా అవలేదు కదా” అంది అక్క. “మరి వాళ్ళు తప్పు చేస్తున్నారా?” అని వాడు అడిగేసరికి అక్క కాస్త ఆగి, “వాళ్ళకి తప్పు కాదు, మనకి తప్పు” అంది. వాడు ఎదురు చెప్పలేదు. వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. వాసన మాత్రం వస్తూనే ఉంది. ఊరుకోలేక నేనే కదిపాను.

“మీ అమ్మే తినమంటే, అప్పుడూ తప్పేనా?”

“అమ్మ చెప్తే పరవాలేదు మావయ్యా. తాతగారు ఊళ్ళో లేనప్పుడైతే.”

“పోనీ, చెల్లిని కొట్టమని అమ్మ చెప్తే?”

తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. “అమ్మెందుకలా చెప్తుంది?”

“చెప్పిందనుకో.”

“అప్పుడు అమ్మదే తప్పు.”

నిజానికి ఆ ప్రశ్నల వరస నా సొంతం కాదు. అమెరికాలో ఎలియట్ ట్యూరియెల్, లారీ నుచ్చి, జుడిత్ స్మెటానా వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచి చిన్న పిల్లలను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే అవి. ఒక పని తప్పని పిల్లవాడు చెప్పగానే వాళ్ళు అక్కడితో వదలరు. పెద్దవాళ్ళు సరేనంటే అప్పుడు కూడా తప్పేనా, ఆ నియమమే లేని ఊళ్ళో అయితే ఎలా అని తరచి అడుగుతారు. బళ్ళో ఎక్కడ కూర్చోవాలి, ఏ బట్టలు వేసుకోవాలి వంటి విషయాల్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే తప్పు లేదని పిల్లలు చెబుతారు. కొట్టడం, లాక్కోవడం దగ్గరికి వచ్చేసరికి, టీచరు ఒప్పుకున్నా తప్పేనంటారు. ఎందుకని అడిగితే మొదటి రకానికి ‘టీచరు చెప్పారు కాబట్టి’ అనీ, రెండో రకానికి ‘వాడికి దెబ్బ తగులుతుంది కాబట్టి’ అనీ జవాబు వస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లల్లోనే ఈ తేడా పొడచూపుతుంది. మతనిష్ఠ గట్టిగా ఉన్న క్రైస్తవ కుటుంబాల పిల్లలను నుచ్చి ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళి అడిగాడు: ఆదివారం పని చేయకూడదని దేవుడు చెప్పి ఉండకపోతే? అప్పుడు చేయవచ్చన్నారు. దొంగతనం చేయమని దేవుడే చెప్పి ఉంటే? అప్పుడు కూడా తప్పేనని ఎక్కువమంది అన్నారు.

అంటే తల్లిదండ్రుల మాటలో రెండు వేర్వేరు అధికారాలు కలిసి ఉన్నాయన్నమాట. కార్తీకంలో మాంసం తినకూడదని అమ్మ అన్నప్పుడు ఆ ఇంట్లో ఆ నియమాన్ని నిలబెడుతున్నది అమ్మే. ఆవిడ మాట మారితే నియమం మారుతుంది. చెల్లిని కొట్టకూడదని అన్నప్పుడు ఆవిడ నియమాన్ని పుట్టించడం లేదు, అప్పటికే ఉన్నదాన్ని వేలు పెట్టి చూపిస్తోంది. ఆ నియమం ఆవిడ మీద కూడా ఉంటుంది. మా మేనల్లుడు ‘అమ్మదే తప్పు’ అన్నది దీన్నే. సరిహద్దు జిల్లాల్లో పెరిగే పిల్లలకు ఈ మొదటి సంగతి ఇంకాస్త తొందరగా తెలిసివస్తుందని నా నమ్మకం. ఆచారం గోడకు అటూ ఇటూ మారుతుందని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మేనరికమే చూడండి. తెలుగు ఇంట్లో మేనబావను చూపించి ఆడపిల్లను ఆటపట్టించడం మామూలు. అదే మాట ఒడియా స్నేహితురాలి ఇంట్లో చెబితే వాళ్ళు చెవులు మూసుకుంటారు, ఎందుకంటే వాళ్ళకు మేనమామ కొడుకు అన్నతో సమానం. బళ్ళో ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరు ఆడపిల్లలకు ఒకే చుట్టరికం ఒకరికి సంబంధం, ఇంకొకరికి మహా పాపం.

ఇంత తేలిగ్గా తేలిపోయే విషయమైతే వ్యాసం అక్కర్లేదు. చిక్కు ఒడిశాలోనే వచ్చింది. రిచర్డ్ ష్వెడర్ అనే మానవ శాస్త్రవేత్త మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్‌లతో కలిసి భువనేశ్వర్ పాతబస్తీలోనూ షికాగోలోనూ చేసి, 1987లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో పెద్ద దుమారమే లేపింది. వాళ్ళు పిల్లలకూ పెద్దలకూ చిన్న చిన్న సంఘటనలు 39 చెప్పి, ఇందులో ఏది ఎంత తప్పో చెప్పమన్నారు. తండ్రి పోయిన మర్నాడు పెద్ద కొడుకు క్షవరం చేయించుకుని కోడిమాంసం తిన్నాడు అనేది వాటిలో ఒకటి. షికాగోలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. భువనేశ్వర్ బ్రాహ్మణ పిల్లలు మాత్రం అన్నిటికంటే ఘోరమైన తప్పుగా దాన్నే ఎంచారు. పైగా అది మా ఇంటి ఆచారం, మీకు వేరు అన్న ధోరణి వాళ్ళలో లేదు. ఎక్కడైనా ఎవరికైనా తప్పేనన్నారు. ఆచారం, నీతి అనే ఈ విభజన పాశ్చాత్యుల కళ్ళజోడు లోంచి కనిపించేదేగాని, అన్ని సమాజాల్లోనూ పిల్లలు అలా విడదీయరని ష్వెడర్ వాదించాడు.

ట్యూరియెల్ వర్గం దీనికి ఇచ్చిన జవాబు నాకు ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. ఆ పిల్లలు కోడిమాంసం గురించి ఆలోచించడం లేదు, తండ్రి గురించి ఆలోచిస్తున్నారు. మైల రోజుల్లో కొడుకు నియమం తప్పితే తండ్రి ఆత్మకు సద్గతి ఉండదని నమ్మే ఇంట్లో, ఆ తిండి ఒక మనిషికి చేసే హాని. హాని తప్పు అనే సూత్రం షికాగోలోనూ భువనేశ్వర్‌లోనూ ఒక్కటే. చచ్చిపోయినవారికి హాని జరుగుతుందా లేదా అన్న దగ్గరే వాళ్ళు విడిపోతున్నారు. అయితే ష్వెడర్ చెప్పినదాంట్లో మిగిలిపోయే ముక్క ఒకటి ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. ఏది ఎవరికి హాని అన్న జ్ఞానాన్ని పిల్లవాడు ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. అంటే తల్లిదండ్రుల అసలు బలం ఆజ్ఞల్లో కంటే వాళ్ళు నిజాలుగా చెప్పే మాటల్లో ఎక్కువ ఉంటుంది. ఫలానావాళ్ళు ముట్టుకున్న నీళ్ళు తాగితే ఏమవుతుందో చెప్పిన తాతగారు మనవడికి నీతి నేర్పలేదు, ఒక అబద్ధపు ‘నిజం’ నేర్పారు. దాని మీద ఆ పిల్లవాడి ధర్మబుద్ధి చక్కగా, తన తర్కం ప్రకారం పని చేసి, చెడ్డ తీర్పు ఇస్తుంది. ఇంటి అధికారంలో అన్నిటికంటే జాగ్రత్తగా వాడవలసినది ఇదేనని నా అభిప్రాయం.

ఆచారం, నీతి కాక మూడో గది కూడా ఉంది. జుట్టు ఎలా దువ్వుకోవాలి, ఎవరితో స్నేహం చేయాలి, ఏం చదవాలి వంటి వాటిని పిల్లలు, ముఖ్యంగా పదకొండు పన్నెండేళ్ళు దాటాక, సొంత విషయాలుగా లెక్కవేస్తారు. స్మెటానా పరిశోధనల్లో తేలిందేమంటే, తల్లిదండ్రులకూ టీనేజీ పిల్లలకూ గొడవలు వచ్చేది దొంగతనం మంచిదా చెడ్డదా అన్న దగ్గర కాదు. అక్కడ ఇద్దరిదీ ఒకే మాట. ఒకే పనిని పెద్దవాళ్ళు ఆచారపు గదిలోనూ పిల్లలు సొంత గదిలోనూ పెట్టినప్పుడే గొడవ. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణీ జాతరలో దీనికి చక్కని ఉదాహరణ దొరుకుతుంది. దేవాంగుల కులపెద్ద ఇంటికి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆ రోజుల్లో మొక్కు తీర్చుకోవడానికి జనం రకరకాల వేషాలు కడతారు. చిన్న పిల్లలకైతే తల్లులే కట్టిస్తారు. మొక్కు అమ్మది, రంగు పూసుకునే ఒళ్ళు పిల్లవాడిది. అయిదేళ్ళవాడికి అది పండగే. అదే మొక్కు పధ్నాలుగేళ్ళవాడి పేర మిగిలిపోతే, తోటివాళ్ళు చూస్తారని వాడు మొండికేస్తాడు, అమ్మ అపచారం అంటుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. ఒళ్ళు ఎవరిదన్న ప్రశ్న మొక్కుకున్ననాడు లేదు, ఇప్పుడు వచ్చింది, అంతే.

ఇక అసలు కష్టమైన సందర్భం: తల్లిదండ్రులే తప్పు చేయమన్నప్పుడు. మార్టా లౌపా, ట్యూరియెల్ 1986లో చేసిన అధ్యయనంలో బడిపిల్లలను అడిగారు: ఇద్దరు కొట్టుకుంటుంటే ఆపమని తోటి పిల్లవాడు అన్నాడు, కొట్టుకోనివ్వమని పెద్దాయన అన్నాడు, ఎవరి మాట వినాలి? పిల్లలు తోటివాడి వైపే మొగ్గారు. అయితే కథలో పెద్దాయనకు ఎదురు నిలవడం వేరు, కన్నతండ్రి పక్కన నిలబడి ఉండగా నిలవడం వేరు. ఇది నాకు అనుభవమే. పర్లాకిమిడి నుంచి నౌపడాకు అప్పట్లో చిన్న గేజీ రైలు నడిచేది. రైల్లో పన్నెండేళ్ళు నిండని పిల్లలకే అర టికెట్టు; నాకు నిండి మూడు నెలలైంది. స్టేషన్‌కు నడుస్తూ నాన్న, “అడిగితే పదకొండను” అన్నారు, గొడుగు మడుచుకుంటూ, అదేదో వాతావరణం గురించి అన్నంత మామూలుగా. టీసీ అడిగినప్పుడు నేను ముందు నాన్న చేతిలో ఉన్న టికెట్ల వైపు చూశాను, తరవాత పదకొండు అన్నాను. ఆయన నమ్మలేదని మొహంలో తెలుస్తూనే ఉంది, అయినా పంచ్ చేసి ఇచ్చేశాడు. తప్పని నాకు తెలియక కాదు. తెలిసినదాన్ని ఆ క్షణంలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మన పురాణాలు ఈ ప్రశ్నను ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నాయో తెలుసుకోవడానికి మా పర్లాకిమిడి వాళ్ళు దూరం పోనక్కర్లేదు. గజపతి జిల్లాలోనే ఉంది మహేంద్రగిరి, పరశురాముడి కొండ. భారతం అరణ్యపర్వంలో పాండవులు తీర్థయాత్రగా ఈ కొండకు వచ్చినప్పుడే పరశురాముడి శిష్యుడు అకృతవ్రణుడు వాళ్ళకు ఆయన కథ చెబుతాడు. తల్లిని చంపమని జమదగ్ని ఆజ్ఞాపించాడు. నలుగురు అన్నలు కదలలేదు, శాపం తిన్నారు. పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. పితృవాక్య పరిపాలనకు మెచ్చి తండ్రి వరాలు కోరుకోమన్నాడు, కొడుకు తల్లి ప్రాణం కోరుకున్నాడు, కథ సుఖాంతం అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. కోరికల జాబితా ఇంకా ఉంది. తనను చంపిన సంగతి తల్లికి గుర్తు ఉండకూడదని, అన్నలు మళ్ళీ మామూలు మనుషులు కావాలని, ఆ పాపం తనకు అంటకూడదని కూడా ఆయన అడిగాడు. ఆజ్ఞను పాటించినందువల్లనే పాపం పోతుందని పరశురాముడు నమ్మి ఉంటే ఆ వరం అడిగే పని లేదు. చేసిన చేతికి తెలుసు.

అదే భారతంలో, శాంతిపర్వంలో, భీష్ముడు ధర్మరాజుకు ఇంకో కొడుకు కథ చెబుతాడు. ఏ పనికైనా ఆలస్యం చేసేవాడని అతణ్ణి చిరకారి అనేవారు. అతని తండ్రి గౌతముడు భార్య మీద కోపంతో, తల్లిని చంపమని అతనికి చెప్పి అడవికి వెళ్ళిపోయాడు. చిరకారి ఆయుధం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. తండ్రి మాట కాదంటే అధర్మం, తల్లిని కాపాడకపోతే అధర్మం, ఇద్దరిలో ఎవరి గొప్పతనం తీసివేయదగ్గది అని అటూ ఇటూ తూచుకుంటూ ఉండగానే పొద్దు గడిచిపోయింది. ఈలోగా కోపం చల్లారిన గౌతముడు, తన కొడుకు ఈ ఒక్కసారీ ఆలస్యం చేసి ఉంటే బాగుండునని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. కొడుకు చేతిలో ఆయుధం అలాగే ఉంది, తల్లి బతికే ఉంది. తండ్రి అతణ్ణి మెచ్చుకున్నాడు. ఈ కథలో నాకు నచ్చేదేమంటే, చిరకారి తిరగబడలేదు, తండ్రిని తప్పుపట్టలేదు, ధర్మోపన్యాసం చేయలేదు. ఆజ్ఞకూ చేతకూ మధ్య కాస్త జాగా ఉంచుకున్నాడు. ఎక్కువమంది పిల్లలకు సాధ్యమయ్యే ప్రతిఘటన అదే. పిలిస్తే పలకకపోవడం, చెప్పిన పని మరిచిపోవడం, గుమ్మంలో నిలబడిపోవడం. వీటన్నిటినీ మనం మొండితనం అనే ఒకే ఖాతాలో రాసేస్తాం. మాట వినేవాణ్ణే బుద్ధిమంతుడు అనే భాష మనది. బుద్ధి ఉన్నవాడు ఒక్కోసారి మాట వినడానికి సమయం తీసుకుంటాడన్న అర్థం ఆ మాటలో ఎప్పుడో జారిపోయింది.

మరి ఆ బుద్ధి పెరిగేదెలా? జెనీవాలో జాన్ పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకు రెండు కథలు చెప్పాడు. ఒకడు తెలియక తలుపు తోస్తే వెనక ఉన్న 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. చిన్నవాళ్ళలో చాలామంది 15 పగలగొట్టినవాడే ఎక్కువ తప్పు చేశాడన్నారు. ఉద్దేశం స్పష్టంగా అర్థమయ్యేలా చెబితే చిన్నవాళ్ళు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటారని తరవాతి పరిశోధకులు సవరించారు. కానీ మనం పిల్లలను తిట్టే తీరు గమనించండి. స్టీలు గ్లాసు పడేస్తే ‘చూసుకోరా’ అంటాం, గాజు గ్లాసు పడేస్తే వీపు మోగుతుంది. రెంటిలోనూ వాడి ఉద్దేశం ఒక్కటే, ధర మాత్రమే వేరు. కప్పులు లెక్కపెట్టడం వాడికి నేర్పేది మనమే.

‘కళ్ళు పోతాయి’ అనే బెదిరింపు సంగతీ ఇంతే. తప్పు చేస్తే ప్రకృతే శిక్షిస్తుందని చిన్న పిల్లలు నమ్ముతారని పియాజే గుర్తించాడు. మనం ఆ నమ్మకాన్ని పెట్టుబడిగా వాడుకుంటాం. ఏదో ఒక రోజు వాడు నైవేద్యానికి ముందే బూరె తింటాడు, కళ్ళు పోవు. ఆ రోజు కూలేది బూరె నియమం ఒక్కటే అయితే ఫరవాలేదు, కానీ అదే తాడుకు అబద్ధాన్నీ దొంగతనాన్నీ కట్టి ఉంచాం కదా.

మార్టిన్ హాఫ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రుల పద్ధతులను మూడుగా చూశాడు: దెబ్బతో, కేకతో లొంగదీయడం; ప్రేమను వెనక్కి లాక్కోవడం, అంటే ‘నువ్వు నాతో మాట్లాడకు’ అనడం; చేసిన పని వల్ల అవతలివాడికి ఏమైందో చూపించడం. మూడోదానితోనే తప్పు ఒప్పుల తెలివి లోపల వేరు పట్టే అవకాశం ఎక్కువని ఆయన పరిశీలన. మొదటి రెండిటిలో పిల్లవాడి కళ్ళు శిక్ష మీదో అమ్మ మొహం మీదో ఉంటాయి, దెబ్బ తిన్నవాడి మీద ఉండవు. గ్రజీనా కొచాన్స్కా ఇంకా చిన్న పిల్లలను గమనించి, అమ్మ గదిలో ఉన్నంతసేపే మాట వినడమూ, వెళ్ళిపోయాక కూడా ఆ మాటను తనదిగా పట్టుకుని ఉండడమూ వేర్వేరని చూపించింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత మొదటి రకానికి సరిపోతుంది. ఎవరూ వంచనప్పుడు మొక్క ఎటు పెరుగుతుందన్నది రెండో రకం, దాని గురించి ఆ సామెత ఏమీ చెప్పదు.

చట్టం ఈ విషయంలో తడబడుతూనే అయినా సరైన ప్రశ్నే అడిగింది. ఏడేళ్ళలోపు పిల్లలు చేసినది నేరం కాదని, ఏడు నుంచి పన్నెండు లోపు అయితే తాను చేసిన పని స్వభావం, ఫలితం తెలిసేంత పరిణతి వాడికి ఉందా అని చూడాలని 1860 నాటి శిక్షాస్మృతి అంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో అదే నిలుపుకుంది. బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మన చట్టం అంత గట్టిగా మాట్లాడదు. 1992లో మన దేశం చేరిన బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం మాత్రం పిల్లలకు అంతరాత్మ స్వేచ్ఛ ఉందని ఒప్పుకుని, దారి చూపే హక్కును తల్లిదండ్రులకు ఇస్తూ, ఆ చూపడం పిల్లల ఎదిగే సామర్థ్యానికి తగినట్టు ఉండాలని షరతు పెట్టింది.

అలాంటి షరతు మనకు కొత్తేమీ కాదు. ‘మాతృదేవో భవ, పితృదేవో భవ’ అనే మాటలు సభల్లో, పెళ్ళిళ్ళలో, బడి గోడల మీద వినని, చూడని తెలుగువారు ఉండరు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలవి. ‘అతిథిదేవో భవ’ దగ్గర మన వక్తలు ఆగిపోతారు, గురువు ఆగలేదు. నింద లేని పనులు ఏవో వాటినే చెయ్యి, ఇతరాలు వద్దు అన్నాడు. మాలో మంచి నడవడి ఏదో దాన్నే నువ్వు అనుసరించు, ‘నో ఇతరాణి’, మిగతావి వద్దు అన్నాడు. తల్లిదండ్రులనూ గురువునూ దేవుళ్ళన్న నోటితోనే, ఆ వెంటనే, మా పనుల్లో కూడా ఏరుకో అని శిష్యుడి చేతికి జల్లెడ ఇచ్చాడు. అధికారాన్ని తగ్గించుకోకుండానే దాని హద్దు చెప్పడం ఇలా ఉంటుంది. అయితే ఏరుకోవడానికి పిల్లవాడికి సాయం కావాలి. ఫలానాది నేను చేసినా తప్పేనని పెద్దవాళ్ళ నోటి నుంచి ఒక్కసారైనా వినాలి.

నాన్న ఆ టికెట్టు గురించి దారిలో గాని, నౌపడాలో మా పెద్దమ్మగారింట్లో ఉన్న రెండు రోజుల్లో గాని ఏమీ అనలేదు. తిరుగు రైలు ఎక్కేటప్పుడు కూడా ఏమీ చెప్పలేదు. టీసీ నా వైపు తిరగ్గానే, ఆయన అడగక ముందే, పదకొండు అన్నాను.